స్ఫటికమా, పటికా, గాజా? ఒక రాయి చుట్టూ ఉన్న చిక్కు

విశాఖ పూర్ణా మార్కెట్‌లో పూజాసామాన్ల కొట్టుకెళ్లి "స్పటిక ఉందా?" అని అడిగితే ముందుగా ఒక ఎదురు ప్రశ్న వస్తుంది: "గుమ్మానికి కట్టేదా అమ్మా, మెళ్లో వేసుకునేదా?" ఈ రాయి గురించి జనంలో ఉన్న గందరగోళమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

గుమ్మానికి కట్టేది పటిక. గెడ్డం గీసుకున్నాక తెగినచోట రుద్దేది, బురద నీళ్లలో తిప్పితే మడ్డిని అడుక్కి దించేది అదే. పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేటు లవణం. నాలుక్కి తగిలితే వగరు, నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. సంస్కృతంలో దాన్ని స్ఫటికారి అంటారు కాబట్టి పేర్లు కలగలిసిపోయాయి. మెళ్లో వేసుకునేది స్ఫటికం, అంటే రంగులేని పారదర్శకమైన క్వార్ట్జ్ రాయి. పటికబెల్లం వట్టి చక్కెర. ఇవి చాలవన్నట్టు గిఫ్టు షాపుల అద్దాల వెనక "క్రిస్టల్" అని మెరిసేది చాలావరకు గాజు. పేర్లన్నీ ఒకే వరసలో ఉంటాయి, పదార్థాలు మాత్రం నాలుగు.

పేర్లు కలిస్తే నమ్మకాలు కూడా కలుస్తాయి. గుమ్మానికి కట్టిన పటిక నెలనెలా చిక్కిపోతుంటే దిష్టిని లాగేస్తోందంటారు. వాన జల్లు కొట్టే వరండాలో, రోజూ గుమ్మం కడిగే ఇంట్లో ఆ లవణం కరగడం దాని స్వభావం. దిష్టికి పటిక కట్టే ఆచారం ఎవరింటి పద్ధతి వాళ్లది, దాన్ని కాదనాల్సిన పనిలేదు. అదే లెక్కను స్ఫటికానికి వేసి, "మాల మసకబారింది, అంటే నా చెడంతా లాగేసింది" అనుకోవడం మాత్రం పొరపాటు. అసలైన స్ఫటికం వందేళ్లు మెళ్లో ఉన్నా కరగదు, లోపల మారదు. పైన కనిపించే మసక చెమట, నూనె, సబ్బు మిగులు. పది నిమిషాల్లో పోయే మురికి అది.

రాయి ఎలాంటిదంటే

స్ఫటికం సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికా. ఆర్కే బీచ్‌లో కాళ్ల కింద ఉండే ఇసుకలో ఎక్కువ పాలు కూడా అదే. అల వెనక్కి వెళ్లాక చారలు చారలుగా కనిపించే నలుపు ఇల్మనైటు, ఎరుపు గార్నెట్. మిగతా లేత రంగు గింజలు ప్రధానంగా క్వార్ట్జ్. కైలాసగిరి, సింహాచలం కొండల రాయిని భూగర్భ శాస్త్రంలో ఖోండలైటు అంటారు. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన మాట అది. ఆ రాతిలో కూడా క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైటు కలిసి ఉంటాయి. కాబట్టి పదార్థంగా చూస్తే స్ఫటికం అరుదైనదేమీ కాదు. చేతిలో పట్టేంత పరిమాణంలో, పగుళ్లు లేకుండా, నీళ్లలా కనిపించేది దొరకడమే అరుదు. సిలికా కరిగిన వేడినీళ్లు రాతి పగుళ్లలో తీరిగ్గా చల్లబడితేనే అలాంటి ముక్క ఏర్పడుతుంది. మన దుకాణాలకొచ్చే పూసల కోత, సానపట్టడం ఎక్కువగా జైపూర్, గుజరాత్‌లోని ఖంభాత్ పనివాళ్ల చేతుల మీదుగా సాగుతుంది.

గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు రెండే. గట్టిదనం, రాళ్లని గీతలతో పోల్చే మోస్ కొలతలో, 7. సాంద్రత, అంటే అంతే పరిమాణం నీటికి ఎన్ని రెట్లు బరువో, 2.65. గాజు గట్టిదనం సుమారు 5.5, మామూలు గాజు సాంద్రత 2.5 దగ్గర. అమ్మేవాడి మాట కంటే ఈ రెండో అంకె ఎక్కువ నిజం చెబుతుంది.

వంటింటి కాటాతో పరీక్ష

డిజిటల్ కాటా, గాజు గ్లాసు, నీళ్లు, కుట్టు దారం ఉంటే చాలు. కాటా 0.1 గ్రాము వరకు చూపిస్తే మంచిది. ముందు రాయిని పొడిగా తూచి అంకె రాసుకోండి. గ్లాసులో ముప్పాతిక వరకు నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. రాయికి దారం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేట్టు, అడుగునీ గ్లాసు గోడల్నీ తాకకుండా వేలాడదీయండి. ఇప్పుడు కాటా చూపేది రాయి బరువు కాదు, రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. పొడి బరువును ఆ అంకెతో భాగించండి.

ఉదాహరణకి 106 గ్రాముల ముక్క తీసుకుందాం. నీళ్లలో 40 చూపిస్తే 106ను 40తో భాగించగా 2.65, అది స్ఫటికం. 42 దాటితే మామూలు గాజు. 48 దాకా వెళ్తే కరిగించి పోతపోసిన సిలికా. "మెల్టెడ్ క్వార్ట్జ్" పేరుతో అమ్మే గోళాల్లో కొన్ని ఇవే, కరిగిన తర్వాత అది స్ఫటికం కాదు, గాజే. 35 లేదా అంతకంటే తక్కువ చూపిస్తే సీసం కలిపిన గాజు. 90 వస్తే ప్లాస్టిక్.

ఈ పరీక్ష తప్పేది మూడు చోట్ల. రాయి అడుగుకి ఆనితే అంకె ఒక్కసారిగా పెరిగిపోతుంది. రాయికి గాలి బుడగలు అంటుకుంటే అంకె కాస్త ఎక్కువ చూపి, అసలు రాయి గాజులా కనిపిస్తుంది. ముంచాక దారాన్ని రెండుసార్లు కుదిపి బుడగలు వదిలించాలి. మూడోది రాయి మరీ చిన్నదైతే. 10 గ్రాముల ముక్కకి స్ఫటికమైతే 3.8, గాజైతే 4.0 వస్తుంది. ఒక గ్రాము కాటా ఆ తేడా చూపలేదు. 8 మిల్లీమీటర్ల గుండ్రటి పూసలు 108 ఉన్న మాల దారం కాకుండా 75 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. నీళ్లలో 28 దగ్గర రావాలి, 30 వస్తే అనుమానించాలి. గుచ్చిన మాలలో దారం, రంధ్రాల్లోని గాలి లెక్క చెడగొడతాయి కాబట్టి వీలైతే గుచ్చకముందు పూసలుగా ఉన్నప్పుడే తూచమనండి.

కాల్సైటు మాత్రం ఈ పరీక్షకి దొరకదు. దాని సాంద్రత 2.71, స్ఫటికానికి మరీ దగ్గర. బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాతి ఊడలు, కింద శివలింగంగా పూజలందుకునే రూపం, ఇవన్నీ సున్నపురాతి నుంచి కారిన కాల్సైటు. అరకు దారిలో ఎవరైనా మెరిసే తెల్ల రాయిని స్ఫటికమని చేతిలో పెడితే, కనపడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి భూతద్దంతో చూడండి. సన్నగా బుడగలొస్తే కాల్సైటు. స్ఫటికానికి నిమ్మరసం తగిలినా ఏమీ కాదు.

గోళానికైతే ఇంకా తేలిక పరీక్ష ఉంది. తెల్ల కాగితం మీద ఒక తలవెంట్రుక పెట్టి, గోళాన్ని దాని మీద ఉంచి పైనుంచి చూస్తూ నెమ్మదిగా అటూ ఇటూ దొర్లించండి. స్ఫటికం కాంతిని రెండుగా చీలుస్తుంది. కొన్ని దిక్కుల్లో ఒక వెంట్రుక రెండుగా కనిపించి, ఒక దిక్కుకి రాగానే మళ్లీ ఒకటవుతుంది. గాజు గోళంలో ఎంత తిప్పినా వెంట్రుక ఒకటే. చిన్న పూసల్లో ఈ చీలిక కంటికి ఆనదు.

ఈ పరీక్షలకి ఒక హద్దు ఉంది. భూమిలో పుట్టిన స్ఫటికాన్నీ, కర్మాగారంలో ఒత్తిడి పాత్రలో పెంచిన స్ఫటికాన్నీ ఇవి విడదీయలేవు, ఎందుకంటే రెండూ నిజమైన స్ఫటికాలే. ఆ తేడా మీకు ముఖ్యమైతే రత్న పరీక్ష ప్రయోగశాల కావాలి. అక్కడిచ్చే సర్టిఫికెట్ అది ఏ రాయో, సహజమో కాదో చెబుతుందే తప్ప దాని మహిమ గురించి ఏమీ చెప్పదు. సర్టిఫికెట్ చూపించి మహిమకి ధర కట్టేవాళ్ల దగ్గర జాగ్రత్త.

మందార పువ్వు, తెల్ల రాయి

ఇక అర్థాల సంగతి. ఈ రాయి అంతరార్థాన్ని ఇంట్లోనే కళ్లారా చూడొచ్చు. తెల్ల గుడ్డ మీద స్ఫటికం ముక్క పెట్టి పక్కనే ఎర్ర మందారం ఉంచండి. రాయి లోపల ఎరుపు పాకినట్టు కనిపిస్తుంది. పువ్వు తీసేయండి. రాయిలో ఎరుపు ఆనవాలు కూడా ఉండదు. సంస్కృతంలో మందారాన్ని జపాకుసుమం అంటారు. స్ఫటికం పక్కన జపాకుసుమం అన్న ఈ దృష్టాంతాన్ని సాంఖ్యులూ వాడారు, అద్వైతులూ వాడారు. సుఖదుఃఖాలు ఆత్మవి కావు, మనసు పక్కనుండటం వల్ల దాని రంగు ఆత్మకి అంటినట్టు కనిపిస్తోంది, పువ్వు జరిగితే రాయి ఎప్పటిలా తెల్లనే, అని అక్కడి బోధ.

యోగశాస్త్రం అదే రాయితో వేరే మాట చెప్పింది. యోగసూత్రాల సమాధిపాదంలో 41వ సూత్రం ప్రకారం వృత్తులు, అంటే మనసులో లేచే తలపులు, సన్నగిల్లిన చిత్తం శుద్ధమైన మణిలాంటిది. దేని ముందు పెడితే దాని రూపాన్ని పూర్తిగా పట్టుకుంటుంది. అద్వైతికి రంగు అంటకపోవడం ముఖ్యం, యోగికి రంగుని నిండుగా పట్టడం ముఖ్యం. మొదటిది ఆత్మ గురించి, రెండోది ఏకాగ్రమైన మనసు గురించి. నేటి క్రిస్టల్ ప్రచారం ఈ రెంటినీ కలిపేసి "స్ఫటికం శక్తిని లాక్కుంటుంది, పెంచుతుంది" అనే ఒక్క మాటగా కుదించింది. మన సంప్రదాయంలో స్ఫటికం ముందు గురువు చూపించిన ఉదాహరణ, ఆ తర్వాతే ధరించే వస్తువు. దాన్ని చూసి మనసు ఎలా ఉండాలో నేర్చుకోవడమే దాని మొదటి వాడకం. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతా చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

దేవతామూర్తుల వర్ణనలోనూ ఇదే ధార కనిపిస్తుంది. శివుణ్ణి శుద్ధ స్ఫటికంలా ధ్యానించమంటారు, సరస్వతి చేతిలో స్ఫటిక అక్షమాల ఉంటుంది, విద్యలకు ఆధారమైన హయగ్రీవుడిది నిర్మల స్ఫటికాకృతి. జ్ఞానానికి తెలుపు కాదు గుర్తు, పారదర్శకత. శృంగేరి పీఠాధిపతులు నిత్యం అర్చించే చంద్రమౌళీశ్వరుడు స్ఫటిక లింగమే. చిదంబరంలోనూ స్ఫటిక లింగానికి రోజూ అభిషేకం జరుగుతుంది. తెలుగు నేల మీద ఈ గౌరవం ఇంకా పాతది. విశాఖ దగ్గరి తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధ విహారాలు నిలిచిన ప్రాచీన యుగానికే చెందిన భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు, రాతి పేటికల్లో ధాతువులు, అంటే పవిత్ర అవశేషాలు, దాచిన స్ఫటిక భరిణలు బయటపడ్డాయి. అత్యంత పవిత్రమనుకున్నదాన్ని అన్నిటికంటే స్వచ్ఛమైన పాత్రలో పెట్టారు.

జ్యోతిషంలో స్ఫటికం శుక్రుడిది, వజ్రం కొనలేనివారికి ఉపరత్నం. అది మరో శాస్త్రపు లెక్క, పై అర్థాలతో ముడిపెట్టనక్కర్లేదు.

ఏడు రంగుల చక్రాలు ఎక్కడివి

ఒంట్లో ఉన్నాయని యోగం చెప్పే శక్తి కేంద్రాలే చక్రాలు. ఎర్ర రాయి మూలాధారానికి, పసుపు మణిపూరానికి, ఆకుపచ్చ అనాహతానికి, ఊదా సహస్రారానికి అంటూ ఏడు రాళ్ల సెట్లు అమ్ముతారు. ఇంద్రధనుస్సు వరసలో ఉన్న ఈ పట్టిక ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో కూర్చింది. మన తంత్ర గ్రంథాల్లో వరస అలా లేదు. 1577లో పూర్ణానందుడు రాసిన షట్చక్ర నిరూపణంలో మణిపూర పద్మం నీళ్లు నిండిన మేఘంలా నల్లనిది, అనాహతం బంధూక పుష్పంలా ఎర్రనిది, ఆజ్ఞా చక్రం చంద్రుడిలా తెల్లనిది. ఏడు రాళ్ల సెట్టు నచ్చి కొనుక్కుంటే తప్పులేదు. వేల ఏళ్ల నాటి ఋషి ప్రోక్తమని దానికి ఎక్కువ ధర ఇవ్వడమే తప్పు. పైగా ఆ సెట్లలో గులాబీ రంగు "చెర్రీ క్వార్ట్జ్", పాల నీలపు "ఓపలైట్", రాగి మెరుపుల "గోల్డ్‌స్టోన్" ఉంటే ఆ మూడూ గాజు ముక్కలే.

"వాచీలో పనిచేయడం లేదా?"

అమ్మకందార్ల చేతిలో బలమైన వాదన ఇది. క్వార్ట్జ్ వాచీలో రాయి సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది కదా, మరి మెళ్లో ఉంటే శరీరాన్ని సరిచేయదా అంటారు. సగం నిజం కాబట్టే ఇది నమ్మిస్తుంది. 1880లో జాక్, పియేర్ క్యూరీ సోదరులు స్ఫటికాన్ని నొక్కితే దాని ముఖాల మీద విద్యుదావేశం పుడుతుందని కనిపెట్టారు. దానికి తిరగేసి, విద్యుత్తు ఇస్తే రాయి సాగి ముడుచుకుంటుంది. వాచీలో ఉండేది శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) ఆకారంలో కోసిన చిన్న రాతి ముక్క. దాన్ని కంపింపజేసేది బ్యాటరీ, సర్క్యూటు. ఆ కోత, ఆ కొలత ఉంటేనే ఆ లెక్క వస్తుంది. 32,768 అంటే రెండుని పదిహేనుసార్లు హెచ్చించినది, పదిహేనుసార్లు సగం చేస్తే సెకనుకి ఒకటి మిగలాలని ఎంచుకున్న అంకె. బ్యాటరీ తీస్తే వాచీ ఆగుతుంది, లోపలి రాయి కూడా. మెళ్లోని పూసకి బ్యాటరీ లేదు.

రాయిలో నిజంగా ఉన్న వింత చూడాలంటే రెండు గరుకు క్వార్ట్జ్ ముక్కలు తీసుకుని, చీకటి గదిలో కళ్లు అలవాటుపడేదాకా ఆగి, గట్టిగా ఒకదానితో ఒకటి రాపాడించండి. రాపిడి చోట లేత వెలుగు మినుకుమంటుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, చిన్న పెచ్చులు ఎగురుతాయి.

మరి చేతిలో పట్టుకున్నప్పుడు హాయిగా ఉందని చెప్పేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? కాదు. లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీ మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఫ్రెంచ్ 2001లో వెల్లడించిన ప్రయోగంలో 80 మందిని రాయి చేతపట్టుకుని ధ్యానం చేయమన్నారు. కొందరికి అసలు స్ఫటికం, కొందరికి నకిలీది. వెచ్చదనం, జలదరింపు, తేలికపడటం లాంటి అనుభూతులు రెండు జట్లకీ ఒకేలా కలిగాయి. ఏమేం అనిపించవచ్చో ముందే చెప్పినవాళ్లకి ఎక్కువగా కలిగాయి. అనుభూతి నిజమే, దాని మూలం పట్టుకున్న మనిషిలో ఉంది. జపానికి కూర్చునేవాళ్లకి ఇది చేదు వార్తేమీ కాదు; సాధన పెద్దలు చెప్పిందీ అదే.

వాడకం

జపమాలగా వాడటమే దీనికి తరాలుగా నిలిచిన ఉపయోగం. 108 పూసలు, పైన మేరువు అనే తలపూస ఒకటి. మధ్యవేలి మీద మాల వేసి బొటనవేలితో పూసను తనవైపు లాగుతారు, చూపుడువేలు తాకనివ్వరు. మేరువు దగ్గరికి రాగానే దాటకుండా మాల తిప్పి వెనక్కి వెళ్తారు. ఒక్కో నామానికి 4 సెకన్లు పడితే ఒక మాల 7 నిమిషాల పైచిలుకు. రోజూ చేసేవాళ్లు "డైమండ్ కట్" పూసలు తీసుకోవద్దు. మెరుపు బాగుంటుంది గానీ అంచులు బొటనవేలిని ఒరుసుకుంటాయి. 8 మిల్లీమీటర్ల నున్నటి గుండ్రటి పూస చేతికి సరిపోతుంది. 6 అయితే పెద్దవాళ్ల వేళ్లకి జారుతుంది, 10 అయితే 108 పూసల మాల దాదాపు 150 గ్రాములు తూగి మెడ లాగుతుంది.

జపం అలవాటు లేనివాళ్లకి, రుషికొండ ఐటీ ఆఫీసుల్లో పొద్దస్తమానం తెర ముందు కూర్చునేవాళ్లకి, అరచేతిలో పట్టే నున్నటి ముక్క ఒకటి పనికొస్తుంది. స్ఫటికం గాజు కంటే చాలా త్వరగా వేడిని లాగుతుంది, అందుకే ముట్టుకోగానే చల్లగా తగులుతుంది. గుప్పిట మూసి, ఆ చల్లదనం ఎక్కడిదాకా తెలుస్తోందో, ఎప్పుడు రాయి చేతి వెచ్చదనంలో కలిసిపోయిందో గమనిస్తూ ఊపిరి మీద ధ్యాస పెట్టండి. వెచ్చబడ్డాక చేయి మార్చండి. ధ్యాసకి ఒక గూటం దొరుకుతుంది. ఏసీ గదిలో ఇది బాగా కుదురుతుంది. మే నెల ఉక్కలో రాయి ముందే వెచ్చగా ఉంటుంది కాబట్టి కాసేపు కుండ నీళ్లలో వేసి తీయండి.

లింగానికి అభిషేకం చేసేవారికి ఒక మాట. పాలు, పెరుగు, తేనె స్ఫటికాన్ని ఏమీ చేయవు. పగుళ్లలోకి దిగి ఎండితే మాత్రం పసుపు చారలవుతాయి, కుంకుమ దిగితే ఇక రాదు. అభిషేకం అయిన వెంటనే గోరువెచ్చటి నీళ్లతో కడగాలి. మరిగే నీళ్లు పోయొద్దు, కర్పూర హారతి రాతికి ఆనించొద్దు. ఒకచోట వేడి, ఒకచోట చల్లన అయితే లోపలున్న చిన్న పగులు సాగి రాయి చీలుతుంది. లింగాన్ని పానవట్టానికి జిగురుతో అతికించారేమో కొనేటప్పుడే అడగండి. జిగురుంటే ఆ తీర్థం తాగకూడదు.

సముద్రపు ఊళ్లో జాగ్రత్తలు

విశాఖ గాలిలో ఉప్పు, తేమ రాయిని చెరపలేవు, దాని చుట్టూ ఉన్నవాటిని చెరుపుతాయి. రాగి తీగ పచ్చబడుతుంది, వెండి నల్లబడుతుంది, నూలు దారం చెమట పీల్చి కుళ్లుతుంది. ఆషాఢ పున్నమికి సింహాచలం గిరిప్రదక్షిణలో ముప్ఫై కిలోమీటర్లకి పైగా మెళ్లో మాలతో నడిచి ఇంటికొచ్చాక ఆ దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి, ఉప్పు గరగరలాడుతుంది. అదే రోజు మంచినీళ్లలో నానబెట్టి, కుంకుడు రసమో మెత్తటి సబ్బో వేసి పిల్లల టూత్‌బ్రష్‌తో రుద్ది, నీడన ఆరబెట్టాలి.

"శుద్ధి" కోసం ఉప్పునీళ్లలో రాత్రంతా నానబెట్టమనే సలహా ఇక్కడ పనికిరాదు. రాయికి లాభం లేదు, తీగకి నష్టం. బీచ్ ఇసుకలో పాతిపెట్టమన్నా వద్దు: ఇసుక కూడా క్వార్ట్జే, గట్టిదనం సమానం, మెరుగు మీద గీతలు పడతాయి. దుమ్ము పట్టిన రాయిని పొడిగుడ్డతో తుడవకపోవడానికీ కారణం ఇదే; ముందు నీళ్లు పోసి తర్వాత తుడవాలి. వెన్నెల్లో పెట్టడం వల్ల ఏ రాయికీ హాని లేదు. ఎండ సంగతి వేరు: ఊదా రంగు అమెథిస్టు ఎండలో వెలిసిపోతుంది.

గోళం విషయంలో ఎండ నిజమైన ప్రమాదం. 6 సెంటీమీటర్ల స్ఫటిక గోళం భూతద్దంలా పనిచేసి, తన వెనక అంచుకి ఒకటింపావు సెంటీమీటరు దూరంలో ఎండనంతా ఒక చుక్కగా పోగేస్తుంది. తూర్పు కిటికీలో పొద్దుటి ఎండ తిన్నగా పడేచోట, పక్కన కర్టెనో కాగితమో ఉంటే అంటుకుంటుంది. ఇంట్లో ఎవరూ లేని వేళల్లో గోళం మీద గుడ్డ కప్పి ఉంచండి, లేదా ఎండ తగలని అల్మరాలో పెట్టండి.

రాళ్లు వేసిన నీళ్లు తాగే అలవాటుంటే స్ఫటికంతోనే సరిపెట్టుకోండి, అది కూడా జిగురూ రంగూ లేనిదైతేనే. రంగురాళ్లతో అలా చేయడం ప్రమాదం. మలాకైటులో రాగి ఉంది, గెలీనాలో సీసం, మణిశిల, హరితాళాల్లో ఆర్సెనిక్. స్ఫటికాన్ని ఇంట్లో నూరడం, డ్రిల్లుతో తొలచడం కూడా వద్దు. ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. ఖంభాత్‌లో అకీకు రాళ్లు సానపట్టే కుటుంబాలు తరాలుగా ఈ జబ్బుతో నలిగిపోతున్నాయి. పూసలు కొనేటప్పుడు నీళ్లు పోస్తూ తొలిచే కార్ఖానా నుంచి తెచ్చారా అని అడగండి. అడిగేవాళ్లు పెరిగితే అలా తెచ్చేవాళ్లూ పెరుగుతారు.

షుగరు, బీపీ, సంతానం, క్యాన్సరు పేరు చెప్పి రాయి అమ్మేవాళ్లున్నారు. తాయెత్తులు, మంత్రాలు, మహిమ గల వస్తువులతో జబ్బు నయమవుతుందని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. మాల వేసుకుని మందులు వేసుకోవచ్చు; మాల వేసుకున్నామని మందులు ఆపకూడదు. మనసు బాగోక నిద్ర పట్టకుండా రోజులు గడుస్తుంటే దిండు కింద ఏ రాయి పెట్టాలని వెతికే బదులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మాల తెగితే

తెగిన మాలని చాలామంది అపశకునంగా తీసుకుని కుమిలిపోతారు. స్ఫటిక మాలలు తెగడానికి మామూలు కారణం రంధ్రం అంచు. తొలిచినచోట అంచు బ్లేడులా ఉండిపోతే, కదిలినప్పుడల్లా దారాన్ని కొంచెం కొంచెంగా కోస్తుంది. దారం లాగి చూసినప్పుడు పూసకి ఇరువైపులా పీచు లేచి కనిపిస్తే తెగే రోజు దగ్గరపడినట్టే. గుచ్చేటప్పుడు అంచులు నునుపు చేయమని చెప్పి, పూసకీ పూసకీ మధ్య ముడి వేయించండి. ముడి ఉంటే పూసలు ఒరుసుకోవు, తెగినా ఒకటి రెండే జారతాయి. రోజూ వాడే మాలకి ఏడాదికోసారి దారం మార్చడం మంచిది. తెగినప్పుడు పూసలన్నీ ఏరి, మేరువుతో సహా 109 లెక్క చూసుకోండి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఒక్క పూస కూడా నేల మీద వదలకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది.

పెచ్చు ఊడిన పూసను మళ్లీ గుచ్చొద్దు, ఆ అంచు కొత్త దారాన్నీ కోస్తుంది. అలాంటి పూసను సముద్రంలో కలపడం ఇక్కడి ఆచారం. అసలు స్ఫటికమైతే అలా చేయవచ్చు, ఆ ఇసుకలో ఉన్నదీ అదే రాయి. నైలాను దారం, కుచ్చు, లోహపు కొక్కెం మాత్రం ముందే విప్పి ఇంటి చెత్తబుట్టలో వేయండి.